చిన్నప్పటి కార్టూన్లే గొప్పవా? ఈ ఒక్క గొడవలో ఎన్ని గొడవలు కలిసిపోయాయో చూద్దాం

పాత ఒక రోత, కొత్త ఒక వింత అంటారు. కార్టూన్ల దగ్గరికొచ్చేసరికి ఈ సామెత తిరగబడుతుంది. ఏదో ఒక పాత షోని మళ్ళీ తీస్తున్నారని ఒక్క బొమ్మ బయటికొస్తే చాలు, ఇంకా నిమిషం వీడియో కూడా చూడకముందే ‘మా బాల్యాన్ని పాడుచేశారు’ అని ఒక వర్గం, ‘మీరు పెద్దవాళ్ళయిపోయారు, ఇది మీకోసం తీసింది కాదు’ అని ఇంకో వర్గం మొదలుపెడతాయి. 2018 మేలో ‘థండర్‌క్యాట్స్ రోర్’ ప్రకటించినప్పుడు జరిగింది ఇదే. 1985 నాటి కండలు తిరిగిన వీరులు గుండ్రటి బుజ్జి బొమ్మలైపోయారు, అంతే, షో టీవీలోకి రావడానికి ఇంకా ఏడాదిన్నర పైన ఉండగానే తీర్పు వచ్చేసింది. 2020లో షో వచ్చింది, ఒక్క సీజన్ ఆడి అదే ఏడాది ఆగిపోయింది.

ఎవరు రైటో తేల్చేద్దామని కాదు గానీ, ఈ వాదనలు వింటున్నప్పుడల్లా నాకు ఒకటి తడుతుంది. అందరూ ‘క్వాలిటీ’ అనే మాటే వాడుతుంటారు, కానీ ఒకాయన మాట్లాడేది బొమ్మ ఎంత సాఫీగా కదులుతోందని, ఇంకొకాయన మాట్లాడేది మొహాలు ఎలా గీశారని, మూడో ఆవిడకి కథ ముఖ్యం, నాలుగో ఆయన మనసులో ఉన్నది మాత్రం స్కూలు నుంచి రాగానే సంచీ మూలకి విసిరేసి టీవీ ముందు కూలబడిన ఆ సాయంత్రం. నాలుగూ నిజమైన విషయాలే. కలిపేసి మాట్లాడితే మాత్రం ఎంతసేపైనా తెగదు. అందుకే విడివిడిగా చూద్దాం.

‘పాత’ అంటే ఎంత పాత? టామ్ అండ్ జెర్రీ కథ

‘టామ్ అండ్ జెర్రీ’ అనగానే చాలామందికి ఒకటే షో గుర్తొస్తుంది. నిజానికి అందులో కనీసం నాలుగు వేర్వేరు సరుకులున్నాయి. 1940 నుంచి 1958 వరకు ఎంజీఎం స్టూడియోకి విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా తీసినవి 114. ఇవి అసలు టీవీ కోసం తీసినవే కావు, థియేటర్లో సినిమాతో పాటు వేయడానికి తీసిన చిన్న చిత్రాలు. వీటికి 7 ఆస్కార్లు వచ్చాయి. 1957లో ఎంజీఎం తన కార్టూన్ విభాగాన్ని మూసేసింది, అప్పటికే తీసి ఉంచినవి 1958 దాకా విడుదలయ్యాయి. తర్వాత 1961, 62 సంవత్సరాల్లో జీన్ డైచ్ అనే దర్శకుడు ప్రాగ్ నగరంలో ఒక 13 తీశాడు. వాటిలో శబ్దాలు నూతిలోంచి వస్తున్నట్టుంటాయి, టామ్ ఒళ్ళు విరుచుకోవడం కూడా ఏదో తేడాగా ఉంటుంది, చిన్నప్పుడు మనకి కారణం తెలియకపోయినా ‘ఇది వేరే రకం’ అని తెలిసిపోయేది. ఆ తర్వాత 1963 నుంచి 67 వరకు చక్ జోన్స్ తీసినవి 34, వాటిలో టామ్ కనుబొమలు దట్టంగా ఉంటాయి.

నాలుగోది 1975లో వచ్చింది. ఇది టీవీ కోసమే తీసిన సిరీస్, ఇందులో టామ్, జెర్రీ స్నేహితులు. జెర్రీ మెడలో ఎర్ర బో టై ఒకటి. పిల్లల కార్టూన్లలో కొట్టుకోవడాలు ఎక్కువైపోయాయని అమెరికాలో తల్లిదండ్రుల సంఘాలు అప్పట్లో గట్టిగా పట్టుబట్టాయి, ఛానెళ్ళు వెనక్కి తగ్గాయి, పిల్లీ ఎలుకా కలిసి ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాయి. దీన్ని తీసిన కంపెనీ ఎవరిదనుకున్నారు? అదే హన్నా, బార్బెరాలది.

అంటే సృష్టికర్తలు వాళ్ళే, పాత్రలు అవే, పైగా ఇదీ పాతదే, అయినా పాతకాలం గొప్పదనేవాళ్ళు ఈ సిరీస్ పేరెత్తడం నేనైతే వినలేదు. ‘పాత కార్టూన్లు’ అన్నప్పుడు మనం మాట్లాడేది ఒక కాలం గురించి కాదని, ఆ కాలంలోంచి మనం ఏరుకున్న కొన్నింటి గురించని ఇక్కడే అర్థమైపోవాలి. ఈ ఏరుకోవడం సంగతి మళ్ళీ వస్తుంది.

సెకనుకి ఎన్ని బొమ్మలు?

కదలిక విషయం లెక్కలతో తేలుతుంది కాబట్టి ముందు దాన్ని చూద్దాం.

సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. ప్రతి ఫ్రేముకీ కొత్త బొమ్మ గీస్తే దాన్ని ‘వన్స్’ అంటారు, ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు ఉంచితే ‘టూస్’, మూడు ఫ్రేములు ఉంచితే ‘త్రీస్’. అంటే సెకనుకి 24, 12, 8 బొమ్మలు. తెర మీద ఒకే ఒక్క పాత్ర ఉందనుకుందాం. 7 నిమిషాల థియేటర్ కార్టూన్‌ని టూస్ మీద తీస్తే 5,040 బొమ్మలు కావాలి. 22 నిమిషాల టీవీ ఎపిసోడ్‌కి అదే పద్ధతిలో 15,840. అలాంటివి 65 తీయాలంటే (65 ఎందుకో తర్వాత వస్తుంది) పది లక్షలు దాటిపోతుంది. తెర మీదికి ఇంకో పాత్ర వస్తే ఆ పాత్రకి విడిగా మళ్ళీ గీయాలి. థియేటర్ల రోజుల్లో నింపాదిగా చేసిన పనిని వారం వారం టీవీకి చేయడం కుదరదు, అంత డబ్బూ ఉండదు.

అందుకే ‘లిమిటెడ్ యానిమేషన్’ పుట్టింది. ఒళ్ళంతా కదపకుండా అవసరమైన భాగం మాత్రమే కదుపుతారు. యోగి బేర్ ఒంటి మీద చొక్కా ఉండదు గానీ మెడలో కాలరూ టై మాత్రం ఉంటాయి, ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? కాలర్ దగ్గర గీత పెట్టుకుంటే ఒంటిని అలాగే ఉంచేసి తల ఒక్కటే మార్చుకోవచ్చు, అతుకు కనబడదు. హన్నా-బార్బెరా జంతువుల్లో చాలావాటి మెడలో ఏదో ఒకటి ఉండేది ఇందుకే. 1960లో వచ్చిన ‘ఫ్లింట్‌స్టోన్స్’లో పాత్రలు పరిగెడుతుంటే వెనక అదే కిటికీ, అదే దీపం మళ్ళీ మళ్ళీ వెళ్తుంటాయి. 1983 నాటి ‘హీ-మ్యాన్’లో కత్తి ఎత్తి రూపం మార్చుకునే సీను మాత్రమే కాదు, పరుగు, దూకడం, పిడిగుద్దు కూడా ముందే గీసి పెట్టుకున్నవే, ఎపిసోడ్ మారినా అవే తిరిగొస్తాయి. చిన్నప్పుడు మనం అది గమనించలేదు, గమనించినా ‘వచ్చేసింది, వచ్చేసింది’ అని సంబరపడ్డాం.

కాబట్టి ‘పాతవాటిలో యానిమేషన్ బాగుండేది’ అన్న మాట 1940ల థియేటర్ చిత్రాల విషయంలో నిజం. 1970, 80ల టీవీ షోలలో ఎక్కువ భాగం విషయంలో కాదు. 1990ల దగ్గర మాత్రం సంగతి తమాషాగా ఉంటుంది.

ఒకే కథ, రెండు భాగాలు, రెండు స్టూడియోలు

1992లో మొదలైన ‘బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్’ పేరు ఈ వాదనల్లో తప్పకుండా వస్తుంది. రావాల్సిందే. నేపథ్యాలని తెల్ల కాగితం బదులు నల్ల కాగితం మీద వేశారు, దాంతో ఊరంతా ఎప్పుడూ చీకట్లోంచి బయటికి తొంగిచూస్తున్నట్టు ఉంటుంది. కానీ అమెరికాలో కథ, డిజైన్, స్టోరీబోర్డు తయారయ్యాక అసలు బొమ్మలు కదిలించే పని జపాన్, కొరియాల్లోని రకరకాల స్టూడియోలకి వెళ్ళేది. ఎవరికి ఏ ఎపిసోడ్ పడిందన్న దాన్నిబట్టి దాని జాతకం మారిపోయేది.

‘ఫీట్ ఆఫ్ క్లే’ అని రెండు భాగాల కథ ఉంది. మొదటి భాగం కొరియాలోని ఎకామ్ స్టూడియో చేసింది, రెండోది జపాన్‌కి చెందిన టీఎంఎస్. రెండూ వరసగా పెట్టుకుని చూడండి. మొదటి భాగంలో మనుషులు కొంచెం బిగుసుకుపోయినట్టు నడుస్తారు, కథ మాత్రం బాగానే సాగుతుంది. రెండో భాగం చివర్లో, మట్టిముద్దలా మారిపోయిన నటుడి ముందు బ్యాట్‌మ్యాన్ వరసగా టీవీ తెరలు ఆన్ చేస్తాడు, వాటిలో ఆ నటుడు గతంలో వేసిన పాత్రలన్నీ కనబడతాయి, వాటిని చూస్తూ అతని ఒళ్ళు అదుపు తప్పి ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి జారిపోతుంది, మొహం కరిగి వేరే మొహం అవుతుంది, అది పూర్తిగా కుదురుకునేలోపే ఇంకొకటి పుట్టుకొస్తుంది. ఈ సీను నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ప్రతి మార్పూ ఎవరో కూర్చుని చేత్తో గీసిందే.

అభిమానుల జ్ఞాపకంలో మాత్రం ఈ రెండు భాగాలూ ఒకే ‘ఆ రోజుల్లో ఎంత బాగా తీసేవాళ్ళో’ కింద కలిసిపోయాయి. అదే సంవత్సరం వచ్చిన ‘ఎక్స్-మెన్’ కూడా ఎకామ్ చేసినదే. దాన్ని జనం ప్రాణంగా చూసుకునేది టైటిల్ సంగీతం వల్ల, ఎపిసోడ్ నుంచి ఎపిసోడ్‌కి సాగే కథల వల్ల, కదలికల వల్ల మాత్రం కాదు.

ఇవాళ్టి సగటు టీవీ షోలో కంప్యూటర్ మీద ముక్కలు ముక్కలుగా కట్టిన తోలుబొమ్మ లాంటి పాత్ర ఉంటుంది, చేతులు, కళ్ళు, నోరు అన్నీ విడిగా కదులుతాయి. దీనివల్ల పాత్ర ఒక సీన్లో లావుగా, ఇంకో సీన్లో సన్నగా కనబడటం ఉండదు, రంగు మారిపోదు, అయితే ఆ జారే మొహంలాంటి క్షణాలు కూడా తక్కువే. నా లెక్క ప్రకారం ఇప్పటి షోల నేల ఎత్తు పెరిగింది, చాలావాటికి పైకప్పు మాత్రం తగ్గింది, అంటే మరీ నాసిగా కనబడేవి తగ్గాయి, మరీ గొప్పగా కదిలేవీ తగ్గాయి. ‘ఆర్కేన్’ లాంటివి ఆ కప్పుని మళ్ళీ లేపుతున్నాయనుకోండి, కానీ పారిస్‌లోని ఫోర్టిష్ స్టూడియో దాని 9 ఎపిసోడ్ల మొదటి సీజన్‌ని 2021లో ఇస్తే మిగతా 9 రావడానికి 2024 నవంబర్ అయింది. పిల్లలకి మూడేళ్ళంటే ఒక తరగతి గది మొత్తం మారిపోయేంత కాలం.

‘అన్నీ ఒకే మొహాలు’ అన్న ఫిర్యాదు

కొత్త షోల మీద వినబడే పెద్ద విమర్శ ‘కాల్‌ఆర్ట్స్ స్టైల్’. గుండ్రటి తల, చుక్కల్లాంటి కళ్ళు, చిక్కుడు గింజ ఆకారంలో నోరు. ‘అడ్వెంచర్ టైమ్’, ‘గ్రావిటీ ఫాల్స్’, ‘స్టీవెన్ యూనివర్స్’ అన్నిటినీ ఈ గాటన కట్టేస్తారు. కాల్‌ఆర్ట్స్ అంటే కాలిఫోర్నియాలో వాల్ట్ డిస్నీ 1961లో పునాది వేసిన కళల విద్యాసంస్థ, అక్కడ చదివినవాళ్ళందరూ ఒకేలా గీస్తారన్నది ఆరోపణ.

ఆరోపణలో సగం నిజం ఉంది. 2010 తర్వాత వచ్చిన చాలా షోల పాత్రల్ని పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. పేరు మాత్రం తప్పు తగిలించారు. ‘అడ్వెంచర్ టైమ్’, ‘గ్రావిటీ ఫాల్స్’ సృష్టికర్తలు అక్కడ చదివిన మాట నిజమే, కానీ ‘స్టీవెన్ యూనివర్స్’ సృష్టికర్త రెబెక్కా షుగర్ చదివింది న్యూయార్క్‌లోని స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్‌లో. మరోపక్క ‘డెక్స్‌టర్స్ లాబొరేటరీ’, ‘సమురాయ్ జాక్’ తీసిన గెండీ టార్టకోవ్‌స్కీ, ‘పవర్‌పఫ్ గర్ల్స్’ తీసిన క్రెయిగ్ మెక్రాకెన్, ‘స్పాంజ్‌బాబ్’ తీసిన స్టీఫెన్ హిల్లెన్‌బర్గ్ ముగ్గురూ కాల్‌ఆర్ట్స్ వాళ్ళే. అంటే కొత్తవాటిని తిట్టడానికి వాడే పేరు, పాతవాటిలో మనం నెత్తిన పెట్టుకునే సగం షోల ఇంటిపేరు!

మరి ఆ పోలిక ఎక్కడిది? ఒక కారణం, పాత్ర డిజైన్ ఒక దేశంలో, కదలిక ఇంకో దేశంలో జరిగినప్పుడు ఎన్ని చేతులు మారినా చెడిపోని సులువైన ఆకారం కావాలి. ఇంకో కారణం, ఒక షో హిట్టయితే అందులో పనిచేసినవాళ్ళు తర్వాత సొంత షోలు తీస్తారు, గీసే తీరు వెంట వస్తుంది. రెబెక్కా షుగర్ కూడా ముందు ‘అడ్వెంచర్ టైమ్’లో పనిచేసినవారే. ఇది కొత్తగా వచ్చిన రోగం కూడా కాదు. హన్నా-బార్బెరా 1960, 70లలో తీసినవి చూడండి, ‘స్కూబీ-డూ’ హిట్టయ్యాక నలుగురు కుర్రాళ్ళు, వాళ్ళతో ఒక వింత జంతువో దయ్యమో ఉండే షోలు ఎన్ని వచ్చాయో.

కథలు ఎప్పుడు చెడ్డాయి?

‘స్పాంజ్‌బాబ్’ అభిమానుల్లో ఒక గీత ఉంది. 1999లో మొదలైన ఈ షో మొదటి మూడు సీజన్లు బంగారం, 2004 సినిమా తర్వాతవి అంతంత మాత్రం. ఆ గీత గాల్లోంచి రాలేదు, సినిమా అయ్యాక హిల్లెన్‌బర్గ్ రోజువారీ బాధ్యతల నుంచి తప్పుకున్నాడు, వేరేవాళ్ళ చేతికి పగ్గాలు వెళ్ళాయి, హాస్యం తీరు మారింది. ఇక్కడ అభిమానుల మాటకి ఆధారం ఉంది.

అయితే ఇదే షోని ‘కంప్యూటర్ వచ్చి కార్టూన్లని చెడగొట్టింది’ అనడానికి కూడా వాడతారు, అది మాత్రం నిలబడదు. పారదర్శకమైన షీట్ల మీద చేత్తో రంగులు వేసే పాత పద్ధతి ఈ షోలో మొదటి సీజన్‌కే ఉంది, రెండో సీజన్ నుంచి రంగులు కంప్యూటర్‌లోనే వేశారు. అందరూ గొప్పవని ఒప్పుకునే రెండు, మూడు సీజన్లు డిజిటల్‌వే.

‘సింప్సన్స్’ అనే కుటుంబ హాస్య కార్టూన్ దగ్గర ఇంకా సరదా. 1989 డిసెంబర్‌లో మొదలైన ఈ షోకి స్వర్ణయుగం ఎక్కడ ముగిసిందో అభిమానులకే ఒప్పందం లేదు, చాలామంది ఎనిమిదో సీజన్ దగ్గరో తొమ్మిదో సీజన్ దగ్గరో గీత గీస్తారు. ఆ ఎనిమిదో సీజన్లోనే, 1997 ఫిబ్రవరిలో ఒక ఎపిసోడ్ వచ్చింది. అందులో సింప్సన్స్ పిల్లలు చూసే కార్టూన్‌లోకి పూచీ అనే కుక్కని బలవంతంగా చొప్పిస్తారు, కామిక్స్ కొట్టువాడు ఇంతకన్నా చెత్త ఎపిసోడ్ పుట్టలేదని తేల్చేస్తాడు. ఇన్నాళ్ళూ చూస్తున్నందుకు ఆ కార్టూన్ తీసేవాళ్ళు తనకి బాకీ ఉన్నారంటాడు. ఆ ఇంటి కొడుకు బార్ట్ అడుగుతాడు, ఇన్నాళ్ళూ ఊరికే నవ్వించారు కదా, వాళ్ళు నీకు ఏం బాకీ అని. తమ షో పని అయిపోయిందంటున్న అభిమానుల మీద రచయితలు వేసిన చురక ఇది. అంటే ఇవాళ మనం స్వర్ణయుగం అంటున్న కాలంలో కూర్చునే జనం ‘అంతా అయిపోయింది’ అంటున్నారన్నమాట.

దీన్నిబట్టి అభిమానులు ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటారు, పట్టించుకోనక్కర్లేదు అని కొందరు తేల్చేస్తారు. నేను అంత దూరం వెళ్ళను. ఫిర్యాదు పాతదైనంత మాత్రాన అబద్ధమైపోదు. మూడు దశాబ్దాలు దాటి నడుస్తున్న ఏ షోకైనా రచయితలు మారతారు, చెప్పాల్సిన కథలు చెప్పేసి ఉంటారు, పాత్రల స్వభావం క్రమంగా వాటి కార్టూన్‌కే కార్టూన్ అవుతుంది. అది కొత్త తరం తప్పు కాదు, ఎక్కువకాలం నడవడం వల్ల పట్టే తుప్పు.

డబ్బు ఎటునుంచి వస్తే షో అటు తిరుగుతుంది

‘అప్పట్లో ప్రేమతో తీసేవాళ్ళు, ఇప్పుడంతా వ్యాపారం’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు హీ-మ్యాన్ గుర్తొచ్చి నవ్వొస్తుంది. మాటెల్ కంపెనీ ఆటబొమ్మలు ముందు అంగట్లోకి వచ్చాయి, వాటిని అమ్మడానికి షో తర్వాత వచ్చింది. 1984లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ పిల్లల టీవీ ప్రకటనల మీద ఆంక్షలు సడలించింది, అదే ఏడాది ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ వచ్చింది, ఆ దశాబ్దం మొత్తం ఆటబొమ్మల కంపెనీల చుట్టూ తిరిగింది. 1990లో చట్టం చేసి మళ్ళీ పగ్గం వేశారు, పిల్లల షోల మధ్య ప్రకటనలు గంటకి శని, ఆదివారాల్లో పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో 12 నిమిషాలు మించకూడదని. కొత్త తరం గర్వంగా చూపించే ‘ఆర్కేన్’ కూడా ఒక వీడియో గేమ్‌లోంచి పుట్టిందే మరి. వ్యాపారం ఎప్పుడూ ఉంది, దాని నుంచి ఒక్కోసారి మంచి కథ కూడా పుట్టింది.

అసలు తేడా వేరే చోట ఉంది. పాత షోలకి 65 అనేది మాయ సంఖ్య. వారానికి అయిదు రోజులు, 13 వారాలు, 65 ఎపిసోడ్లు. అన్ని ఉంటే ఛానెళ్ళకి అమ్ముకుని రోజూ వేయించవచ్చు. ఏ రోజు ఏది పడుతుందో, ఎవరు మధ్యలో చేరతారో తెలియదు కాబట్టి ఏ కథకి ఆ కథ ముగిసిపోవాలి, చివర్లో అందరూ మొదటికి రావాలి. ఇప్పుడు స్ట్రీమింగ్‌లో ఎనిమిదో పదో ఎపిసోడ్లు, వరసగా చూస్తారు, కాబట్టి కథ ఒక నవలలా సాగవచ్చు. ‘పాతవాటిలో ఎప్పుడు ఏ ఎపిసోడ్ పెట్టినా హాయిగా చూసేవాళ్ళం’ అన్నదీ నిజమే, ‘కొత్తవాటిలో పాత్రలు ఎదుగుతాయి’ అన్నదీ నిజమే, రెండూ అమ్మకం పద్ధతి నుంచి వచ్చినవే. ‘బ్లూయీ’ లాంటివి దీనికి మినహాయింపు. 2018లో ఆస్ట్రేలియాలో మొదలైన ఆ కుక్కపిల్లల కథలు ఒక్కోటి ఏడు నిమిషాలే, దేనికదే పూర్తి, అయినా కళ్ళు చెమర్చేలా చేస్తాయి.

జపాన్ వైపు చూస్తే ఇదే సంగతి ఇంకో రకంగా కనబడుతుంది. ‘డ్రాగన్ బాల్ జెడ్’ వారం వారం వస్తుండగా దాని మూలమైన కామిక్ కూడా అప్పుడే గీస్తున్నారు, టీవీ దాన్ని దాటిపోకూడదు. అందుకే గుటకలు, కేకలు, ఒకరినొకరు చూసుకోవడాలు నిమిషాల కొద్దీ. 2009లో సాగదీత కోసేసి ‘కాయ్’ పేరుతో మళ్ళీ వదిలితే, సెల్ అనే విలన్ కథ అయ్యేదాకా ఉన్న 194 ఎపిసోడ్లు 98కి దిగాయి. సగం! అయినా ఆ సాగదీతే అసలు మజా అనేవాళ్ళున్నారు, వారం రోజులు ఎదురుచూసిన వాళ్ళని కాదనడానికి నాకు నోరు రాదు.

కొత్త తరం షోల మీద నేను పూర్తిగా ఒప్పుకునే ఫిర్యాదు మరొకటుంది, అవి మాయమైపోతాయి. ‘ఇన్ఫినిటీ ట్రైన్’ నాలుగు సీజన్ల షో, విమర్శకులు మెచ్చుకున్నారు, 2022 ఆగస్టులో దాన్ని స్ట్రీమింగ్ నుంచి తీసేశారు. పాత షోలు మళ్ళీ మళ్ళీ వేయడం వల్లే మనకి ఇష్టమయ్యాయి. కనబడకుండా పోయినదానికి ఆ అవకాశం ఎక్కడిది?

జల్లెడా, జ్ఞాపకమా

ఇంతకుముందు ఏరుకోవడం గురించి అన్నాను కదా. 1984లో ‘టర్బో టీన్’ అని ఒక షో వచ్చింది, అందులో ఒక కుర్రాడు ఒంటికి వేడి తగిలితే కారైపోతాడు. నిజంగానే, మొహం బానెట్‌లా సాగి, చేతులు చక్రాలై. అంతకు ముందు ఏడాది రూబిక్ క్యూబ్‌కి కాళ్ళూ మొహమూ పెట్టి ఒక షో తీశారు. ఇవీ పాతకాలానివే. గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ కాబట్టి పోలికలోకి రావు. ఆ కాలంలోని ఉత్తమమైన అయిదింటిని తెచ్చి, ఇవాళ టీవీ పెట్టగానే ఎదురైన దానితో పోలిస్తే ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా.

జ్ఞాపకం సంగతి కొంచెం చిక్కుగా ఉంటుంది. నోస్టాల్జియా, అంటే గడిచిన రోజుల మీద బెంగ, అన్న మాటని 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి పుట్టించాడు, ఇంటికి దూరమై బెంగతో కుంగిపోయేవాళ్ళ జబ్బుకి పేరుగా. ఇప్పుడు దాన్ని జబ్బనరు. పెద్దయ్యాక వెనక్కి చూసుకుంటే సుమారు 10 నుంచి 30 ఏళ్ళ మధ్య జరిగినవి మిగతావాటికన్నా ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. కార్టూన్ల గొడవలో దీన్ని తెగ వాడతారు గానీ, చాలామంది కార్టూన్లు చూసింది ఆరేడేళ్ళ వయసులో కదా, అక్కడికి ఈ సూత్రం సరిగ్గా అతకదు. నాకు ఎక్కువ సరిపోతుందనిపించేది రాబర్ట్ జయాంక్ 1968లో చూపించిన సంగతి, ఏదైనా మళ్ళీ మళ్ళీ కళ్ళబడుతుంటే చాలు, దానిమీద ఇష్టం పెరుగుతుంది. అవే 65 ఎపిసోడ్లు ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి వేశారు మరి.

జ్ఞాపకం పని చేసిందని చెప్పినంత మాత్రాన షో చెడ్డదని తేలిపోదు. ‘నీకు నోస్టాల్జియా’ అనడం అవతలివాడి నోరు మూయించడానికి పనికొస్తుంది తప్ప, ‘ఫీట్ ఆఫ్ క్లే’ రెండో భాగంలో ఆ కరిగే మొహాన్ని గురించి ఏమీ చెప్పదు.

పేరు పాతది, సరుకు వేరు

రీబూట్, అంటే పాత షోని అదే పేరుతో మళ్ళీ కొత్తగా తీయడం, దాని దగ్గర మంట ఎందుకు ఎక్కువో చూద్దాం. 2003 నాటి ‘టీన్ టైటన్స్’ ఒక సాహస గాథ, మధ్య మధ్య నవ్విస్తూ, చాలాసార్లు గుండె బరువెక్కిస్తూ సాగి 65 ఎపిసోడ్ల దగ్గర కొన్ని ముళ్ళు విప్పకుండానే ఆగింది. 2013లో ‘టీన్ టైటన్స్ గో!’ వచ్చింది. అయిదుగురు వీరులూ వాళ్ళే, గొంతులిచ్చిన నటులూ వాళ్ళే, కానీ ఇది పూర్తిగా అల్లరి కామెడీ. అభిమానులు అడిగింది ఆగిపోయిన కథకి ముగింపు, వచ్చింది ఇంకేదో. పైగా ఛానెల్‌లో దాన్ని గంటల తరబడి తిప్పారు. విడిగా వేరే పేరుతో వచ్చి ఉంటే ఇంత కోపం ఉండేదా అంటే నాకు అనుమానమే. ఏడేళ్ళ పిల్లలకి ఈ చరిత్రంతా తెలియదు, వాళ్ళు హాయిగా నవ్వుకున్నారు, షో పాతదాన్ని ఎన్నో రెట్లు దాటి నడిచింది.

2024లో వచ్చిన ‘ఎక్స్-మెన్ 97’ దీనికి ఎదురు దారి పట్టింది. పాత షో ఆగిన చోటే మొదలుపెట్టి, అదే సంగీతం, అవే బట్టలు, కానీ కదలిక మాత్రం ఇప్పటిది. పాత అభిమానులు మొదటి ఎపిసోడ్ చూసి ‘అచ్చం అలాగే ఉంది’ అన్నారు. ఆ తర్వాత 1992 ఎపిసోడ్ ఒకటి పెట్టుకుని చూస్తే తెలుస్తుంది, అది అచ్చం అలా లేదు, మన తలకాయల్లో ఉన్నదానిలా ఉంది.

ఇంతకీ మీరు చూసింది ఏ కాపీ?

చివరగా ఒక చిన్న చిక్కు, దీన్ని చాలామంది పట్టించుకోరు. 1993 నాటి ‘సింప్సన్స్’ ఎపిసోడ్ ఒకదాంట్లో ఆ ఇంటి తండ్రి హోమర్ బీరు ఫ్యాక్టరీ చూడటానికి వెళ్తాడు. అక్కడ మూడు పెద్ద తొట్లు, డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై. పైన చూస్తే మూడింటికీ ఒకే గొట్టం నుంచి ఒకే బీరు పడుతుంటుంది. నవ్వంతా ఆ గొట్టంలో ఉంది. 2019 నవంబర్‌లో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు పాత ఎపిసోడ్లని ఇప్పటి వెడల్పాటి టీవీలకి సరిపోయేలా పైనా కిందా కత్తిరించి పెట్టారు. గొట్టం పోయింది. మూడు తొట్లు మిగిలాయి.

అభిమానులు గోల చేశాక 2020 మే చివర్లో అసలు కొలతలో చూసే వీలు కల్పించారు. ఈ మధ్యలో ఆరు నెలల పాటు ఆ ఎపిసోడ్‌ని అక్కడ మొదటిసారి చూసినవాళ్ళకి హోమర్ మూడు తొట్ల ముందు నిలబడటం కనబడింది, అందులో నవ్వేది ఏముందో అర్థం కాలేదు.